పూజారి పంక్తిలో కూర్చున్నవాడు పురుగెలా అయ్యాడు: ‘పారసైట్’ అనే మాట గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పిల్లల కోసం జీవశాస్త్రం పుస్తకం ఒకటి తెలుగులోకి తెస్తూ ‘పారసైట్’ దగ్గర ఆగిపోయానన్నారు. పరాన్నజీవి, పరాన్నభుక్కు, పరజీవి, బదనిక అని నాలుగు మాటలు దొరికాయి, వీటిలో ఏది వాడాలి? మిగతా భాషలవాళ్ళు దీన్ని ఏమంటారు? అందరి మాటల్లోనూ తిండి ఉందా? కోకిల పాఠంలో ‘బ్రూడ్ పారసైట్’ అని వస్తే ఏం రాయాలి? ఇవీ మీరు అడిగినవి.

నేను 31 ఏళ్ళు జూనియర్ కాలేజీల్లో తెలుగు మీడియం పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక ఆరోగ్యం మీద కరపత్రాలు తెలుగులో రాసిపెడుతున్నాను. ఆ రెండు పనుల్లోనూ ఈ మాట నన్ను ఇబ్బంది పెట్టింది. అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

తొందరలో ఉంటే ఈ నాలుగు ముక్కలు చాలు. శాస్త్రం పాఠంలో పరాన్నజీవి అని రాయండి. చెట్టు మీద పెరిగే చెట్టయితే బదనిక అనండి. కడుపులో పురుగుల గురించి మామూలు జనానికి చెప్పేటప్పుడు ఆ పురుగు పేరే చెప్పండి. మనుషుల గురించి మాత్రం ఈ మాట వాడకండి. ఎందుకో ఇక వివరంగా.

క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడిగేవారు, “సార్, పారసైట్‌లో ‘సైట్’ అంటే స్థలమేనా?” అని. ఇళ్ళ స్థలాన్ని సైట్ అనడం అందరికీ అలవాటు కదా, ఆ అనుమానం సహజమే. కానీ ఇది ఆ సైట్ కాదు. గ్రీకులో ‘సీటోస్’ అంటే ధాన్యం, తిండి. ఈనాటి గ్రీకులో కూడా గోధుమను ‘సిటారి’ అనే అంటారు. ‘పారా’ అంటే పక్కన. ‘పారాసిటోస్’ అంటే పక్కన కూర్చుని తినేవాడు, సహపంక్తి భోజనం చేసేవాడు.

మొదట్లో అది గౌరవమైన మాట. పాత ఏథెన్స్‌లో కొన్ని గుళ్ళలో పూజారితో కలిసి బలి భోజనం చేయడానికి ఊళ్ళోవాళ్ళలో కొందరిని ఎంపిక చేసేవారు. ఊరి బయట హెరాక్లిస్ గుడిలో నెలనెలా జరిగే బలికి పూజారి పక్కన పారాసిటోస్‌లు ఉండాలని శాసనమే ఉండేది. దేవుడి ధాన్యం పోగుచేసి లెక్క చూడడం కూడా కొన్నిచోట్ల వీళ్ళ పనే. క్రీ.శ. 200 ప్రాంతంలో అథెనేయస్ అనే గ్రీకు రచయిత ఇవన్నీ పోగేసి రాస్తూ, ఈ మాట ఇప్పుడు చెడ్డదైపోయింది గానీ పూర్వం పవిత్రమైనదే అని చెబుతాడు. ఏథెన్స్‌కు చట్టాలు రాసిన సోలోన్ అయితే పురమందిరంలో నగరం ఖర్చుతో భోజనం చేయడానికి ఈ మాటే వాడాడట. ప్లూటార్క్ అనే పాత గ్రీకు రచయిత చెప్పినదాని ప్రకారం అక్కడ ఒకడే మాటిమాటికీ వచ్చి తినకూడదు. అలాగని వంతు వచ్చినవాడు రానంటే కూడా శిక్షే. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. పక్కన కూర్చుని తినడం ఆ రోజుల్లో హక్కు, బాధ్యత కూడా.

తర్వాత ఆ మాటను కిందికి లాగింది నాటకాలు. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో అలెక్సిస్ వంటి హాస్య నాటకకర్తల చేతుల్లో పారాసిటోస్ ఒక పాత్రయ్యాడు. డబ్బున్నవాడి ఇంట భోజనం కోసం పొగడ్తలు గుప్పించేవాడు, తన్నులు తిని కూడా పంక్తిలో చోటు వదలనివాడు. రోమన్లు వాణ్ణి ఇంకా పెంచి పోషించారు. ప్లాటస్ నాటకాల్లో ఈ పాత్రల పేర్లు చూస్తే చాలు. ఒకడి పేరు కుర్కూలియో, అంటే ధాన్యంలో పట్టే ముక్కుపురుగు. ఇంకొకడు పెనిక్యులస్, అంటే తుడిచే కుంచె. తాను తింటే బల్ల తుడిచినట్టు అయిపోతుంది కాబట్టి కుర్రాళ్ళు ఆ పేరు పెట్టారని వాడే చెప్పుకుంటాడు. గమనించారా, ఇంకా ఏ శాస్త్రవేత్తా పురుగును పారసైట్ అనకముందే, నాటకంలో పారసైట్‌కు పురుగు పేరు పెట్టేశారు.

ఇలాంటి మనిషిని మనవాళ్ళకూ తెలుసు. “పరాన్నం దొరికినప్పుడు ఒంటి మీద జాలి చూపకురా, పరాన్నం దొరకడం కష్టం, శరీరాలంటావా, మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి” అని సంస్కృతంలో ఒక చాటు శ్లోకం ఉంది. మా తాతగారి తరంవాళ్ళు పెళ్ళి పంక్తుల్లో దాన్ని చదివి నవ్వుకునేవారు. ఏథెన్స్ నాటకంలో ఆ పాత్ర నోటికి అతికినట్టు సరిపోతుంది. కానీ ఒక తేడా చూడండి. గ్రీకు ‘పారా’, సంస్కృత ‘పర’ దూరపు బంధువులే, చాలా వెనక్కి వెళ్తే ఒకే కుటుంబం. అర్థాలు మాత్రం వేరు. గ్రీకు మాటలో కనిపించేది పక్క పీట. మన మాటలో కనిపించేది పరాయితనం. గ్రీకు మాట చెడిపోవడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది, మన ‘పరాన్నం’లో ఆ చులకన మొదటినుంచీ ఉంది.

ఇక శాస్త్రంలోకి ఎప్పుడు వచ్చిందంటారా, యూరప్‌లో 17వ శతాబ్దం నుంచి మొక్కల గురించి రాసేవాళ్ళు ఈ మాట వాడడం మొదలుపెట్టారు. ఇంకో చెట్టు మీద పెరిగే మిజిల్‌టో లాంటి మొక్కల్ని ‘పారసైట్ మొక్కలు’ అన్నారు. పురుగులకూ సూక్ష్మజీవులకూ ఆ పేరు స్థిరపడింది ఆ తర్వాతే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి మైక్రోస్కోప్ కింద మలేరియా పారసైట్‌ను చూసేనాటికి, ఆ మాట మనిషి నుంచి మొక్కకూ, మొక్క నుంచి కంటికి కనపడని జీవికీ చేరిపోయింది. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న సంస్థ పేరులోనే ‘పారసైటాలజీ’ ఉంది.

అంటే వరస ఇలా నడిచింది: ముందు గుడిలో గౌరవనీయుడు, తర్వాత నాటకంలో తిండిపోతు, తర్వాత చెట్టు మీద మొక్క, చివరికి పేగులో పురుగు. శాస్త్రం ఈ మాటను ఒక తిట్టు నుంచి అరువు తెచ్చుకుంది. దీన్ని గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

(పక్క మాటొకటి. నిజంగా ‘కలిసి తినడం’ అనే పాత గ్రీకు అర్థానికి ఇప్పుడు శాస్త్రంలో వేరే పదం ఉంది, కమెన్సలిజం. లాటిన్‌లో ‘మెన్సా’ అంటే బల్ల. ఒకే బల్ల దగ్గర, ఎదుటివాడికి నష్టం లేకుండా తినడం. బెల్జియం శాస్త్రవేత్త వాన్ బెనెడెన్ 1870ల్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మన పాఠ్యపుస్తకాల్లో సహభోజకత్వం అంటాం. పారాసిటోస్ ఇప్పుడు తిరిగొస్తే తన చోటు అక్కడ ఉందని చూసుకుంటాడు.)

అరబిక్ కథ దీనికి ఏమీ తీసిపోదు. ఇరాక్‌లోని కూఫా ఊళ్ళో తుఫైల్ అనే ఒకాయన ఉండేవాడట. ఎక్కడ పెళ్ళి జరిగినా పిలుపు లేకుండానే వెళ్ళి భోజనానికి కూర్చునేవాడు. జనం ఆయనకు ‘పెళ్ళిళ్ళ తుఫైల్’ అని పేరు పెట్టారు. ఆయన పేరు మీదే పిలవని పేరంటానికి వెళ్ళేవాళ్ళందరూ ‘తుఫైలీ’లు అయిపోయారు. 1071లో మరణించిన బాగ్దాద్ పండితుడు అల్ ఖతీబ్ అల్ బాగ్దాదీ ఇలాంటివాళ్ళ కథల మీద ఒక పుస్తకమే రాశాడు. ఈనాడు అరబిక్‌లో పారసైట్ అంటే తుఫైలీ. మెడికల్ కాలేజీలో పారసైటాలజీ సబ్జెక్టు పేరు ‘ఇల్మ్ అత్ తుఫైలియ్యాత్’, అంటే తుఫైలీల శాస్త్రం. వెయ్యేళ్ళు దాటినా ఆ మనిషి పేరు కొక్కెపురుగుల పాఠం మీద నిలబడి ఉంది.

ఉర్దూలోకి వచ్చాక ఈ మాట రెండుగా చీలింది. ‘తుఫైలీ’ అంటే పారసైటే. కానీ ‘ఆప్‌కే తుఫైల్’ అంటే ‘మీ పుణ్యమా అని, మీ దయవల్ల’. హైదరాబాద్‌లో పెద్దమనుషుల నోట ఇది ఎన్నోసార్లు విన్నాను. పిలిచిన అతిథి వెంట పిలవనివాడు లోపలికి వస్తాడు, ఆయన పుణ్యమా అని వీడికీ భోజనం దొరుకుతుంది. తిట్టులోంచి కృతజ్ఞత పుట్టుకొచ్చిన మాట ఇది. ఇంకో భాషలో ఇలా జరగడం నేను చూడలేదు.

రష్యన్‌లో శాస్త్రానికి ‘పరాజిత్’ అనే గ్రీకు మాటనే తీసుకున్నారు, కానీ మనిషికి సొంత మాట ఉంది, ‘తునెయాదెత్స్’. ‘తునె’ అంటే ఊరికే, ఉచితంగా. ‘యాద్’ అంటే తినడం. మన తెలుగులో ‘తేరగా తినేవాడు’ అంటామే, మాటకు మాట అదే. ఇక్కడ నాకు ఇంకా ఆనందం కలిగించే సంగతి ఒకటుంది. ఆ రష్యన్ ‘యాద్’, మన సంస్కృత ‘అద్’ ధాతువు, ఇంగ్లీషు ‘ఈట్’, లాటిన్ ‘ఎదెరె’ అన్నీ తోబుట్టువులు. ‘అద్’ అంటే తిను. దాన్నుంచే ‘అన్నం’ వచ్చింది, తినబడినది అని. పరాన్నజీవిలోని అన్నమూ, తునెయాదెత్స్‌లోని యాదూ ఒకే గింజలోంచి మొలిచినవి.

ఈ ‘అద్’ ధాతువు మన పాత పుస్తకాల్లో ఇలాంటి జీవుల చుట్టూనే తిరుగుతుంది. చరకుడు శరీరంలో పుట్టే క్రిముల్ని 20 రకాలుగా లెక్కపెట్టాడు. వాటిలో కొన్నిటి పేర్లు చూడండి: కేశాదం, వెంట్రుకలు తినేది. ఆంత్రాదం, పేగులు తినేది. ఉదరాదం, కడుపు తినేది. అన్నిటినీ కలిపే పేరు మాత్రం ‘క్రిమి’. ఒకరి మీద ఆధారపడి బతికేది అనే ఆలోచనతో పెట్టిన మాట కాదది, పురుగు అని అర్థం, అంతే. అథర్వవేదంలోనూ క్రిముల్ని చంపే మంత్రాలున్నాయి. పర్షియన్‌లో ఇదే ‘కిర్మ్’, లిథువేనియన్‌లో ‘కిర్మిస్’. ఓక్ చెట్ల రసం పీల్చి బతికే ఒక చిన్న పురుగు నుంచి ఎర్ర రంగు తీసేవారు, దాన్ని అరబిక్‌లో కిర్మిజ్ అన్నారు, అక్కడ నుంచి ఇంగ్లీషులో ‘క్రిమ్సన్’ అయింది. ఒక పారసైట్ పేరు రంగు పేరుగా మిగిలిపోయింది.

అమరకోశంలో మొక్కల వర్గంలో ‘వందా వృక్షాదనీ వృక్షరుహా జీవంతికా’ అని ఉంటుంది. వృక్షాదని అంటే చెట్టును తినేది, మళ్ళీ అదే ‘అద్’. వృక్షరుహ అంటే చెట్టు మీద మొలిచేది. మన బదనికకు ఇవి సంస్కృతం పేర్లు. ఈ ‘వందా’ అనే పేరునే యూరప్ వృక్షశాస్త్రవేత్తలు ‘వాండా’ అని ఒక ఆర్కిడ్ జాతికి పెట్టారు. కానీ ఆ ఆర్కిడ్ చెట్టు మీద కూర్చుంటుందే తప్ప చెట్టు రసం తాగదు. మీ పుస్తకంలో ఈ రెండిటి తేడా తప్పకుండా చెప్పండి. కొమ్మ మీద కనపడే ప్రతి మొక్కనూ పిల్లలు పరాన్నజీవి అనేసుకుంటారు.

ఇక తిండి ఊసే లేని మాటల దగ్గరికి వద్దాం. చైనీస్‌లో ‘జీషెంగ్‌చోంగ్’. జీ అంటే ఒకరి దగ్గర ఉండడం, ఒకరికి అప్పగించడం. ఉత్తరం పోస్టు చేయడానికి కూడా ఇప్పుడు ఇదే మాట. షెంగ్ అంటే బతకడం, చోంగ్ అంటే పురుగు. ‘ఇంకొకరి పంచన బతికే పురుగు’ అన్నమాట. ఇవే అక్షరాల్ని జపాన్‌లో ‘కిసెయ్‌చూ’ అని, కొరియాలో ‘గిసెంగ్‌చుంగ్’ అని పలుకుతారు. ఇక్కడా మొక్కే ముందు వచ్చినట్టుంది. మల్బరీ చెట్టు మీద పెరిగే బదనికను ‘సాంగ్ జీషెంగ్’ అని చైనా వైద్యులు చాలా పాతకాలం నుంచి మందుగా వాడుతున్నారు. జపాన్‌వాళ్ళు బదనిక జాతి మొక్కను ‘యదోరిగి’ అంటారు, బస చేసిన చెట్టు అని. ఎంత మర్యాదైన పేరు! తిండి గురించి అడగకుండా, రాత్రికి ఎక్కడ ఉన్నావు అని మాత్రం అడుగుతుంది ఆ భాష. అదే జపాన్‌లో 1990ల చివర్లో యమదా మసహిరో అనే సమాజ శాస్త్రవేత్త, పెళ్ళి చేసుకోకుండా అమ్మానాన్నల ఇంట్లోనే ఉండిపోయే ఉద్యోగస్తుల్ని ఇంగ్లీషు మాటలతో ‘పారసైట్ సింగిల్స్’ అన్నాడు, అది దేశమంతా పాకిపోయింది. సొంత భాషలో చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నది పరాయి భాషలో సులువుగా అనేస్తాం, మనమూ అంతే.

తమిళంలో ‘ఒట్టుణ్ణి’. ఒట్టు అంటే అంటుకోవడం, ఉణ్ అంటే తినడం. అంటుకుని తినేది. ఉత్త ‘ఉణ్ణి’ అంటే పశువులకు పట్టే పిడుదు. ఏ జీవిని చూసి ఆ మాట కట్టారో కళ్ళకు కడుతుంది కాబట్టి, నా మటుకు నాకు దక్షిణాది మాటలన్నిటిలో ఇదే గొప్పగా అనిపిస్తుంది. హీబ్రూలో ‘తపీల్’ కూడా అతుక్కోవడం అనే ధాతువు నుంచే. మలయాళంలో శాస్త్రానికి ‘పరాదం’, అదే ‘అద్’. మనుషుల్ని ఎత్తిపొడవడానికి ‘ఇత్తిక్కణ్ణి’, బదనిక. కన్నడంలో పరోపజీవి, పరావలంబి రెండూ ఉన్నాయి, బదనికకు ‘బందళికె’. మరాఠీలో పరోపజీవి, తిట్టడానికి ‘బాండ్‌గూళ్’, అదీ బదనికే. బెంగాలీలో పరజీవి, తిట్టుకు ‘పొరోగాఛా’, పరాయి చెట్టు మీది చెట్టు. హిందీలో పరజీవి.

ఇక్కడ మీ ‘పరజీవి’ సంగతి తేలిపోతుంది. అది హిందీ నుంచి వచ్చిన మాట. తెలుగువాడి చెవికి ‘వేరే జీవి, పరాయి జీవి’ అని వినపడుతుంది, అర్థం జారిపోతుంది. వాడొద్దు. పరావలంబి కూడా మనకు కుదరదు, పసిపాపా పరావలంబే, మంచం పట్టిన తాతా పరావలంబే. పరాన్నభుక్కు తప్పేమీ కాదు, పాత పుస్తకాల్లో ఉంది. పిల్లల నోరు తిరగదు, అంతే. పరాన్నజీవి ఇప్పటికే తరగతి గదుల్లో కుదురుకుంది, దాన్నే ఉంచండి.

ఒక జాగ్రత్త. పరాన్నజీవినీ ‘పరపోషకం’నూ పిల్లలు కలిపేస్తారు. తన ఆహారం తాను తయారుచేసుకోలేనిది ఏదైనా పరపోషకమే. ఆవూ, పులీ, మనమూ అందరం. పరాన్నజీవి అందులో ఒక చిన్న భాగం. నేను పేపర్లు దిద్దేటప్పుడు ప్రతి ఏడాదీ ‘పులి పరాన్నజీవి’ అని రాసినవి కనిపించేవి. రెండు మాటలూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి తేడా చెబితే ఆ పొరపాటు పోతుంది.

పరాన్నజీవి ఏ జీవి మీద బతుకుతుందో దాన్ని ఇంగ్లీషులో ‘హోస్ట్’ అంటారు. దానికి మన పుస్తకాల్లో ‘అతిథేయి’ అని ఉంది, అది మంచి మాట. అతిథి అంటే తిథీ వారం చూడకుండా వచ్చేవాడని పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. తుఫైల్ గుర్తొస్తాడు కదా? ఫ్రెంచిలో అయితే ‘ఓత్’ అనే ఒక్క మాటే ఇంటి యజమానికీ, ఇంటికి వచ్చిన అతిథికీ సరిపోతుంది. శాస్త్రవేత్తలు దాన్ని యజమాని అర్థంలోనే వాడుకుంటారు.

బదనిక దగ్గర కాసేపు ఆగాలి. శాస్త్రం పాఠాల్లో దాన్ని వదిలేసి ‘లొరాంథస్’ అని లాటిన్ పేరే రాస్తున్నారు, నాకది బాధగా ఉంటుంది. మామిడి తోట ఉన్న ఏ రైతునైనా అడగండి, “చెట్టుకు బదనిక పట్టిందండీ, కొట్టించాలి” అంటాడు. దాని పండు లోపలి గుజ్జు జిగురుగా ఉంటుంది. పిట్టలు పండు తిని ముక్కును కొమ్మకు రాసుకుంటాయి, లేదా రెట్ట వేస్తాయి, గింజ అక్కడ అంటుకుని మొలుస్తుంది. కొమ్మలోకి వేళ్ళలాంటివి దింపి నీళ్ళూ లవణాలూ లాగేస్తుంది. ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి కాబట్టి ఎండలో తన తిండి కొంత తానే వండుకుంటుంది. అంటే సగం పరాన్నజీవే.

పూర్తిగా పరాన్నం మీద బతికేది బంగారు తీగ. ఆకుల్లేవు, నేలలో వేరు ఉండదు, పసుపు దారాల్లాగా పంటను చుట్టేస్తుంది. వరి మాగాణుల్లో మినుము వేసే కృష్ణా, గుంటూరు రైతులకు దీని దెబ్బ బాగా తెలుసు. హిందీవాళ్ళు దీన్ని ‘అమర్‌బేల్’ అంటారు, చావులేని తీగ. ‘ఆకాశ్‌బేల్’ అని కూడా అంటారు. ఇంగ్లీషువాళ్ళు ‘దయ్యం పేగులు’ అన్నారు. అందానికి ఒకరు, మొండితనానికి ఒకరు, చిక్కుకు ఒకరు పేరు పెట్టారు, ఎవరూ తిండి ఊసెత్తలేదు. పొగాకు వేళ్ళ మీద పెరిగేదానికి మన రైతులు ‘పొగాకు మల్లె’ అని పువ్వు పేరే పెట్టారు. రైతు నోట ఇంకో మాట ఉంది, ‘ఆశించడం’. “పురుగు ఆశించింది” అంటాడు. మనుషులు దేన్నయినా ఆశించినట్టే పురుగు పంటను ఆశిస్తుంది. ‘ఇన్ఫెస్టేషన్’కు ఇంతకన్నా మంచి మాట వెతకాల్సిన పనిలేదు.

ఇప్పుడు మనుషుల సంగతి. శాస్త్రం ఈ మాటను తిట్టు నుంచి తెచ్చుకుందని పైన చెప్పాను కదా. 19వ శతాబ్దం తర్వాత రాజకీయాలవాళ్ళు దాన్ని శాస్త్రం నుంచి మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. ఈసారి అది నవ్వులాట తిట్టుగా రాలేదు. నాటకంలో పారసైట్‌ను తన్ని తరిమేస్తారు, అంతే. ప్రయోగశాల నుంచి వచ్చిన పారసైట్‌ను చంపేయాలి. హిట్లర్ తన రాతల్లో యూదుల్ని పదేపదే ఇతర జాతుల శరీరంలో పరాన్నజీవులన్నాడు. ఆ తర్వాత ఆష్విట్జ్ అనే నాజీల చావు శిబిరంలో మనుషుల మీద వాడిన జైక్లాన్ బి అనే విషం అంతకుముందు పేలనూ పురుగులనూ చంపడానికి వాడినదే. ఒక పోలిక చివరికి ఎక్కడిదాకా వెళ్ళగలదో చెప్పడానికి నాకు ఇంతకన్నా భయంకరమైన ఉదాహరణ తెలియదు. సోవియట్ యూనియన్‌లో 1961లో ‘తునెయాదెత్స్’ల మీద చట్టం తెచ్చారు. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో జోసెఫ్ బ్రాడ్‌స్కీ అనే యువకవిని దాని కిందే విచారించి అయిదేళ్ళు ఉత్తరాది పల్లెకు పంపించారు. కవిత్వం రాయడం వాళ్ళ లెక్కలో పని కాదు. మరుసటి ఏడాది వదిలేశారనుకోండి. 1987లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇవన్నీ దూరదేశాల కథలనిపిస్తే, నాకు ఎదురైనది చెబుతాను. కొన్నేళ్ళ క్రితం పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు వేసే కార్యక్రమానికి కరపత్రం రాయమన్నారు. నేను మాస్టారి బుద్ధితో ‘పేగులలోని పరాన్నజీవుల నిర్మూలన’ అని శీర్షిక పెట్టాను. ఊళ్ళో అరుగు మీద ఆరోగ్య కార్యకర్త దాన్ని చదివి, “పరాన్నజీవి అంటే ఒకరి కూడు తింటూ వాళ్ళనే చెడగొట్టేది” అని వివరించింది. పక్కనే మనవడిని ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. కూతురింట్లో ఉంటోందట. “అయితే నేనూ అదే కదా బాబూ, అల్లుడి కూడు తింటున్నాను” అంది. నవ్వుతూ అనలేదు. “కాదు పెద్దమ్మా, ఇది పురుగుల గురించి” అన్నాను. ఆమె తలూపింది గానీ నా మాట ఆమెకు ఎక్కలేదని తెలుస్తూనే ఉంది. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ పిల్లవాణ్ణి సాకేది ఆమే. తప్పు నాదే. ఆ రాత్రే కరపత్రం మార్చి ‘పిల్లల కడుపులో నులిపురుగులు, ఏలికపాములు, కొంకిపురుగులు’ అని రాశాను. ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు.

అందుకే చెబుతున్నాను, జనం కోసం రాసేటప్పుడు జనం పెట్టిన పేరే వాడండి. నులిపురుగు, ఏలికపాము, బద్దెపురుగు, పేను, నల్లి, పిడుదు, జలగ. జనం చాలాసార్లు పురుగును వదిలి జబ్బుకే పేరు పెట్టారు. బోదకాలు అంటే కాలు కనిపిస్తుంది, ఫైలేరియా పురుగు కనిపించదు. దాని మందు హెట్రజాన్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనలోంచి వచ్చిందని మీ పుస్తకంలో ఒక వాక్యం వేస్తే పిల్లలు సంతోషిస్తారు. నారికురుపు అంటే పుండులోంచి నారపోగులాగా బయటికి వచ్చే పురుగు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో అది లేదని ప్రకటించింది. జబ్బు పోయింది, పేరు కూడా పోకుండా పుస్తకంలో ఉంచండి.

మలేరియాది కంటికి కనపడని జీవి కాబట్టి అక్కడ పురుగు అంటే తప్పుడు బొమ్మ పడుతుంది. ‘మలేరియా పరాన్నజీవి’ అనే రాయండి. బ్యాక్టీరియా అని మాత్రం రాయవద్దు, ఆ పొరపాటు పత్రికల్లో తరచూ చూస్తున్నాను.

ఇక కోకిల. ‘బ్రూడ్ పారసైట్’కు ‘సంతాన పరాన్నజీవి’ అని ఎవరో సూచించారన్నారు. సంతానాన్ని తినేది అనిపిస్తుంది, వద్దు. ఈ ఒక్కచోట మనకు వెయ్యేళ్ళకు పైబడిన సొంత మాట ఉంది. అమరకోశంలో కోకిల పేర్లలో ‘పరభృతః’ ఉంది, ఇతరులచేత పోషింపబడినది అని. కాకి పేర్లలో ‘పరభృత్’ ఉంది, ఇతరులను పోషించేది అని. చివర ఒక్క అచ్చు తేడాతో గుడ్డు పెట్టి వెళ్ళినదానికి ఒక పేరు, సాకినదానికి ఒక పేరు. శాకుంతలంలో దుష్యంతుడు శకుంతలను నమ్మక, ఆడ కోకిలలు పిల్లలు ఎగిరేదాకా వాటిని వేరే పక్షులచేత పెంచుకుంటాయి కదా అని ఎత్తిపొడుస్తాడు. అంటే ఆ సంగతి అప్పటికే అందరికీ తెలిసిందన్నమాట. మీరు పాఠంలో ‘పరభృత పక్షులు’ అని రాసి, కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టడం గురించి రెండు వాక్యాలు చెప్పండి. బొమ్మ వేయిస్తున్నారంటే కాకి నోట్లోంచి మేత అందుకుంటున్న కోకిల పిల్లను వేయించండి. మా కాలేజీ వెనక వేపచెట్టు మీద వేసవిలో ఏటా కనిపించేది. ఆడపిల్ల అయితే ఒళ్ళంతా తెల్ల చుక్కలుంటాయి, ఆర్టిస్టుకు ఆ చుక్కల సంగతి ముందే చెప్పండి, లేకపోతే నల్లగా వేసేస్తారు.